జెల్ రాసుకుని క్యాప్సూల్ మానేస్తే?

ప్రశ్న: నమస్తే డాక్టరమ్మా. మాది పర్లాకిమిడి. నాకు 50 ఏళ్లు. మా ఆయన, నేను టిఫిన్ షాపు నడుపుతాం. రెండేళ్ల కిందట నెలసరి ఆగిపోయింది. అప్పట్నుంచి ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు లేస్తున్నాయి. పెనం ముందు నిలబడితే మొహం, మెడ మండిపోయి జాకెట్టు తడిసిపోతుంది. రాత్రి మూడు నాలుగు సార్లు మెలకువ వస్తుంది. కోడలి మీద ఊరికే అరుస్తున్నాను. ఆయన దగ్గరికి వస్తే మంట, రాయడానికి సిగ్గుగా ఉంది. బరంపురంలో చూపిస్తే రోజూ చేతికి రాసుకునే జెల్, రాత్రి వేసుకునే క్యాప్సూల్ రాశారు. క్యాప్సూల్ వేసుకుంటే తెల్లారి నాలుగింటికి లేవలేకపోయాను, తల దిమ్ముగా ఉండేది. విజయనగరంలో మా అప్ప కూడా ఇదే జెల్ వాడుతోంది. తనకి గర్భసంచి ఆపరేషన్ అయింది. "నాకు క్యాప్సూల్ ఇవ్వలేదు, నీకూ అక్కర్లేదు, మానెయ్" అంది. మానేసి నాలుగు నెలలైంది. జెల్‌తోనే ఆవిర్లు బాగా తగ్గాయి. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు ఫోన్‌లో ఒక వీడియో పంపాడు. హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందట. మా అత్తగారు ఆ జబ్బుతోనే పోయారు. జెల్ కూడా మానెయ్యాలా? వాడితే ఎన్నాళ్లు? లావెక్కుతానా? ఇంకో మాట, మొన్న రెండు రోజులు కొంచెం ఎర్రగా కనిపించింది. మళ్లీ నెలసరి మొదలైందేమో అనుకున్నా.
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు:

అమ్మా, మీరు చివర్లో "ఇంకో మాట" అంటూ రాసిన దానితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, అది మాత్రం ఆగదు.

రెండేళ్లు నెలసరి లేని మనిషికి మళ్లీ ఎరుపు కనిపిస్తే అది నెలసరి కాదు. పన్నెండు నెలలు వరసగా రాకపోతే ముట్లుడిగినట్టే లెక్క. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవలసిందే. ఈ వారంలోనే వెళ్లండి. బరంపురం వీలుకాకపోతే శ్రీకాకుళం వెళ్లండి, మీకు ఏది దగ్గరైతే అది. గర్భసంచి లోపొర మందం కొలిచే స్కాన్ చెయ్యాలి. పొట్ట మీంచి కాకుండా లోపలి నుంచి చేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. మందం 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే చాలావరకు నిశ్చింత. ఎక్కువ ఉంటే సన్నటి గొట్టంతో ఆ పొర ముక్క కొద్దిగా తీసి పరీక్షకి పంపుతారు. నెలసరి నొప్పిలాంటిది కాసేపు ఉంటుంది, అంతే. చాలామందికి మత్తు కూడా ఇవ్వరు.

ఇది చదివి రాత్రంతా మేలుకుని కూర్చోకండి. ముట్లుడిగాక ఎరుపు కనిపించిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది క్యాన్సర్ కాదు. మీ విషయంలో కారణం నాకు ఉత్తరంలోనే కనిపిస్తోంది. నాలుగు నెలలుగా జెల్ రాసుకుంటున్నారు, క్యాప్సూల్ వేసుకోవడం లేదు. అయినా నా ఊహ మీద మీరు ఆగిపోకూడదు, స్కాన్ చెయ్యాల్సిందే. డాక్టరు చూసేదాకా జెల్ రాసుకోకండి. ఆపినందువల్ల ప్రమాదమేమీ లేదు, ఆవిర్లు మళ్లీ వస్తాయి, కొద్ది రోజులు ఓర్చుకోండి.

ఇప్పుడు ఆ రెండు మందుల సంగతి.

జెల్‌లో ఉన్నది ఈస్ట్రోజన్. నెలసరి ఆగేసరికి అండాశయాలు తయారుచెయ్యడం మానేసినది అదే. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే చోటు ఒకటుంది. ఈస్ట్రోజన్ తగ్గితే ఆ చోటు అదుపు తప్పుతుంది. కొంచెం వేడి తగిలినా ఒళ్లు కాలిపోతోందనుకుని రక్తాన్ని చర్మంలోకి తోసి, చెమట పట్టించి చల్లార్చాలని చూస్తుంది. పెనం ముందు మీకు జరిగేది ఇదే. జెల్ ఆ లోటు తీరుస్తుంది కాబట్టే మీ ఆవిర్లు తగ్గాయి.

అయితే ఈస్ట్రోజన్‌కి ఇంకో పని కూడా ఉంది. గర్భసంచి లోపొరని పెంచుతుంది. నెలసరి వచ్చే రోజుల్లో నెల మొదట్లో ఆ పొరని పెంచేది ఈస్ట్రోజన్, ఆ తర్వాత దాన్ని నిలకడగా ఉంచి పెరుగుదల ఆపేది ప్రొజెస్టరోన్. మీ క్యాప్సూల్‌లో ఉన్నది ఆ ప్రొజెస్టరోన్. నిద్ర కోసమో బలం కోసమో ఇచ్చింది కాదమ్మా, గర్భసంచికి కాపలాగా ఇచ్చింది. పొలానికి నీరు వదిలేసి మడవ కట్టడం మానేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

అమెరికాలో 1970ల దాకా ముట్లుడిగిన ఆడవాళ్లకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చేవారు. అలా వాడినవాళ్లలో గర్భసంచి లోపొర క్యాన్సర్ పెరిగిందని 1975లో బయటపడింది. తర్వాత ఒక పరీక్షలో గర్భసంచి ఉన్న స్త్రీలకి మూడేళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చి చూస్తే సగంమంది కంటే ఎక్కువమందికి లోపొర మితిమీరి పెరిగింది. ప్రొజెస్టరోన్ జత చేసినవాళ్లలో ఆ బెడద దాదాపు లేదు. అప్పట్నుంచి నియమం ఒక్కటే. గర్భసంచి ఉన్నవాళ్లకి రెండూ కలిపే ఇవ్వాలి. లేనివాళ్లకి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు.

మీ అప్ప చెప్పింది ఆమె వరకు నిజమే. ఆమెకి గర్భసంచి లేదు కాబట్టి క్యాప్సూల్ రాయలేదు. మీకు ఉంది. అక్కచెల్లెళ్లే కావచ్చు, మందు కూడా ఒకటే కావచ్చు, ఆమె చీటీ మాత్రం మీకు పనికిరాదు. లోపొర కొంచెం పెరిగి ఉంటే కంగారు పడకండి. క్యాన్సర్ లక్షణాలు లేని పెరుగుదల క్రమం తప్పకుండా ప్రొజెస్టరోన్ వాడితే చాలామందికి వెనక్కి తగ్గుతుంది.

ఇందులో మీ తప్పు ఉందని నేను అనను. మందు రాసేటప్పుడు ఇది ఎందుకు, ఇది మానేస్తే ఏమవుతుంది అని మీ భాషలో చెప్పవలసిన బాధ్యత మాది. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే ఆడవాళ్లతో ముప్పై ఏళ్లుగా మాట్లాడుతున్నాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, చీటీ మీద ఇంగ్లిషు. 1936లో మీ ఊరు ఒడిశాలో కలిసింది కానీ ఇళ్లల్లో మాట మారలేదు. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసి, వాడుక భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన ఊరు మీది. అలాంటి ఊళ్లో ఒక ఇల్లాలికి తన ఒంటి సంగతి తన మాటల్లో చెప్పే మనిషి దొరకలేదంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాశీనగరం నుంచి ఒకామె వచ్చేది. మందు పని చెయ్యలేదంది. సంచి విప్పి చూపించమన్నాను. జెల్ ట్యూబు సగం అయిపోయింది. ఎలా రాసుకుంటున్నావమ్మా అంటే చీర కుచ్చిళ్లు పైకి లాగి రెండు మోకాళ్లూ చూపించింది. జెల్ అంటే నొప్పులకి రాసుకునేదే అనుకుంది పాపం. రెండు నెలలు మోకాళ్లకి మర్దనా చేసింది, పక్కనే మనవడు ఆడుకుంటూ ఆ మోకాళ్ల మీదే తల పెట్టి పడుకునేవాడు. ఆ రోజు నుంచి నేను ఎవరికి జెల్ రాసినా నా ఎదురుగా ట్యూబు విప్పించి, రాసుకుని చూపించమంటున్నాను.

మీకూ చెబుతాను. డాక్టరు మళ్లీ మొదలుపెట్టమన్నాక స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, చెప్పిన కొలత తీసుకుని మోచేతికి పైన చేతి మీద లేదా తొడ లోపలి వైపు పలచగా పరచండి. రుద్దకూడదు. అయిదు నిమిషాలు ఆరనిచ్చి, తర్వాత జాకెట్టు వేసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. రొమ్ముల మీద ఎప్పుడూ రాయకూడదు. రాసిన చోట కనీసం గంటసేపు నీళ్లు తగలకూడదు, పిల్లల ఒంటికి అస్సలు అంటకూడదు. మీకు పొద్దున్న పిండి, పొయ్యి, గిన్నెలు, నీళ్లు ఉంటాయి కాబట్టి షాపు కట్టేశాక రాసుకోవడమే మేలు. రోజూ ఒకే వేళకి రాసుకుంటే చాలు, పొద్దున్నే రాసుకోవాలని ఏమీ లేదు.

క్యాప్సూల్ మత్తు నిజమే, మీరు ఊహించుకున్నది కాదు. ప్రొజెస్టరోన్ ఒంట్లో విరిగినప్పుడు పుట్టే పదార్థం మెదడుని జోకొడుతుంది. అందుకే రాత్రి వేసుకోమంటాం. నిద్ర చెడిన చాలామందికి అదే మేలు కూడా చేస్తుంది. నాలుగింటికి లేచి పప్పు రుబ్బాల్సిన మీరు ఏ పదిన్నరకో వేసుకుంటే పొద్దున్న దిమ్ము ఉండక ఏం చేస్తుంది? ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య, పడుకోబోయే ముందు వేసుకోండి. అన్నం తిన్న వెంటనే వేసుకోకండి, అన్నంతో కలిస్తే ఎక్కువగా ఒంటికి పడుతుంది, మత్తూ పెరుగుతుంది. అప్పటికీ లేవలేకపోతే మీ అంతట మీరు మానెయ్యకుండా డాక్టరుకి చెప్పండి, దారులున్నాయి. రోజూ కాకుండా నెలకి 12 నుంచి 14 రోజులు వేసుకునే పద్ధతి ఒకటి ఉంది, అందులో మోతాదు వేరు, నెలనెలా కొంచెం ఎరుపు కనిపించవచ్చు. గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఇంకోటి. అది అక్కడికక్కడే పనిచేసి లోపొరని అయిదేళ్ల దాకా కాపాడుతుంది, మత్తు బాధ ఉండదు. మీలాంటి పని ఉన్నవాళ్లకి నాకు అదే నచ్చుతుంది.

షాపులో ఆ క్యాప్సూల్ లేదని బదులుగా ఇంకోటి ఇస్తే తీసుకోకండి. పూజకో పెళ్లికో నెలసరి వెనక్కి జరపడానికి మనవాళ్లు వేసుకునే మాత్ర వేరు. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర వేరు, అందులో హార్మోను బలం చాలా ఎక్కువ. జెల్, క్యాప్సూల్ రెండిట్లో ఒకటే దొరికిందని, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్లి వెతికే ఓపిక లేక ఉన్నదాంతో సరిపెట్టుకున్నవాళ్లని నేను చూశాను. రెండూ దొరికిన రోజే మొదలుపెట్టండి.

ఇక వీడియో. అందులో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని మీకు వర్తించేలా చెప్పిన నిజమూ కాదు. ఆ భయం 2002 జులైలో పుట్టింది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో 16,608 మందికి, సగంమందికి రెండు హార్మోన్లు కలిపిన మాత్ర, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. అయిదేళ్లు దాటాక లాభం కంటే నష్టం ఎక్కువని మధ్యలోనే ఆపేశారు. ఆ వార్తతో ప్రపంచమంతా ఆడవాళ్లు మందులు విసిరేశారు.

లెక్క ఏమిటో చూడండి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 10,000 మందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, హార్మోన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 38 మందికి వచ్చింది. అంటే పదివేలకి ఎనిమిది ఎక్కువ. గుండెపోట్లు ఏడు, పక్షవాతం ఎనిమిది, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు ఎనిమిది ఎక్కువ. తుంటి ఎముక విరగడం అయిదు, పెద్దపేగు క్యాన్సర్ ఆరు తగ్గాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆ ఎనిమిదిమందిలో ఒకరి ఇంట్లోవాళ్లకి అది చిన్న అంకె కాదు, నాకు తెలుసు. కానీ వీడియో చూశాక మీ మనసులో పడ్డ అంకె ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దదని కూడా నాకు తెలుసు.

ఇంకో సంగతి ఉంది. ఆ అధ్యయనంలో చేరినవాళ్ల సగటు వయసు 63. చాలామందికి ముట్లుడిగి పదేళ్లు దాటిపోయింది. వాళ్లకిచ్చింది చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్, దానికి జతగా ఒక కృత్రిమ ప్రొజెస్టరోన్, రెండూ నోటితో మింగేవి. మీకు రాసినది చర్మం ద్వారా వెళ్లే, మన ఒంట్లో ఉండేలాంటి ఈస్ట్రోజన్. మీ వయసు 50, ముట్లుడిగి రెండేళ్లే. తర్వాత ఆ లెక్కలనే వయసు వారీగా విడదీసి చూస్తే, 60 లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకి, బాధలు ఉన్నవాళ్లకి, లాభమే ఎక్కువని తేలింది. గర్భసంచి తీసేసి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగకపోగా కొంత తగ్గింది. ఆ మందుల డబ్బాల మీద గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్ గురించి గడి కట్టి వేసే పెద్ద హెచ్చరికలు తీసేస్తున్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదన్న హెచ్చరికని మాత్రం ఉంచింది. ఆ ఒక్క వాక్యం మీ గురించే.

రొమ్ము క్యాన్సర్ భయం గాలికి వదిలెయ్యమని నేను చెప్పను. రెండు హార్మోన్లు కలిపి ఎన్నేళ్లు ఎక్కువ వాడితే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది. బ్రిటన్‌లో వేసిన లెక్క ఒకటి నేను తరచు చెబుతాను. అక్కడ యాభైల్లో ఉన్న వెయ్యిమందిలో అయిదేళ్లకి 23 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. రెండు హార్మోన్లూ వాడితే ఇంకో నలుగురు చేరతారు. బాగా లావుగా ఉంటే ఇంకో 24 మంది. వారానికి రెండున్నర గంటలు చురుగ్గా నడిస్తే ఏడుగురు తగ్గుతారు. మన దేశంలో అసలు అంకె అంతకంటే తక్కువ. అంటే హార్మోన్ జెల్ గురించి భయపడుతూ నడక గురించి ఆలోచించకపోవడం తలకిందుల లెక్క.

మీ అత్తగారి జబ్బు గురించి ఒకటి అడగాలి. ఆమె మీకు బయటి సంబంధమా, లేక మేనత్తేనా? బయటి సంబంధం అయితే ఆమె జబ్బు మీ రక్తంలోకి రాదు, మీ మందుకి దానితో పని లేదు. కానీ మీ పిల్లలకి ఆమె నాయనమ్మ. తండ్రి వైపు నుంచి కూడా ఈ జబ్బు వంశంలో దిగవచ్చు, మీ అమ్మాయి ఉంటే డాక్టరుకి ఆ మాట చెప్పుకోవాలి. మేనరికం అయి, ఆమె మీ నాన్నగారి సొంత చెల్లెలో అక్కో అయితే మీకూ రక్తసంబంధమే. అప్పుడు ఆమెకి ఏ వయసులో వచ్చింది, మీ నాన్న వైపు ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిందా అన్నది కనుక్కుని డాక్టరు ముందు పెట్టండి. మనవైపు చీటీల్లో అత్త అని రాసేసి ఊరుకుంటారు. ఆ అత్త ఏ అత్తో అడిగేవాళ్లు తక్కువ.

జెల్ వల్ల ఒక పెద్ద సుఖం రక్తం గడ్డల విషయంలో ఉంది. మింగే ఈస్ట్రోజన్ ముందు కాలేయంలోకి వెళ్లి, గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. చర్మం ద్వారా వెళ్లేది ఆ దారి పట్టదు, మామూలు మోతాదులో గడ్డల ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. లావుగా ఉన్నవాళ్లకి, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకి, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లకి జెల్ మేలని మేం అనేది ఇందుకే. షుగర్ ఉన్నంత మాత్రాన వద్దనేది లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మింగే ఈస్ట్రోజన్ మొదలుపెడితే థైరాయిడ్ మోతాదు పెంచాల్సి రావచ్చు, జెల్‌కి ఆ గొడవ తక్కువ.

హార్మోన్ల వల్ల మేలు ఏమిటంటే, ఆవిర్లు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గుతాయి, ఇంకే మందూ అంత తగ్గించదు. చెమటకి లేవడం తగ్గితే నిద్ర పడుతుంది, నిద్ర పడితే కోడలి మీద అరవడం కూడా తగ్గుతుంది. దాన్ని మీ గుణం అనుకుని బాధపడకండి, రెండేళ్లు నిద్రలేని మనిషి ఎవరైనా అరుస్తారు. ఎముకలు గుల్లబారడం నెమ్మదిస్తుంది, అది వాడినంతకాలమే. ఎముకలకి తిండి కూడా కావాలి. మనం చోళ్లనే వాటిని మీ చుట్టుపక్కల ఒడియా వాళ్లు మాండియా అంటారు. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది. షాపు కట్టాక ఇడ్లీ మిగిలిందని అదే తినకుండా గిన్నెడు చోడి అంబలి తాగండి.

గుండె జబ్బు రాకుండానో, మతిమరుపు రాకుండానో, వయసు కనబడకుండానో ఈ మందు వాడతామంటే మాత్రం నేను ఒప్పుకోను. అందుకు ఇది పనికిరాదు. 65 దాటాక కొత్తగా మొదలుపెట్టడం కూడా మంచిది కాదు.

లావు గురించి అడిగారు. ఆ వయసులో నడుం దగ్గర కొవ్వు చేరడం మందు వాడినా వాడకపోయినా ఉంటుంది. హార్మోన్ల వల్ల బరువు పెరుగుతుందని పరీక్షల్లో తేలలేదు. మొదటి రెండు మూడు నెలలు రొమ్ములు నొప్పిగా ఉండటం, కడుపు ఉబ్బరం, తలనొప్పి, కొంచెం వికారం ఉండవచ్చు, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. రెండు మందులూ సరిగ్గా వాడుతున్నా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో అక్కడక్కడ మరక కనిపించవచ్చు. ఆ తర్వాత కూడా కనిపించినా, ఆగిపోయి మళ్లీ కనిపించినా స్కాన్ చెయ్యాలి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా ఉదయం దాకా చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కారణం తేలని ఎరుపు ఉన్నవాళ్లు, కాళ్లలో ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టినవాళ్లు, గుండెపోటు పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు ముదిరి ఉన్నవాళ్లు ఈ మందు వాడకూడదు. స్కాన్ తేలేదాకా మీరు ఈ జాబితాలో రెండో వరసలో, కారణం తేలని ఎరుపు ఉన్నవాళ్లలో ఉన్నారు. హార్మోన్లు వద్దన్నవాళ్లకి ఆవిర్లు తగ్గించే వేరే మాత్రలున్నాయి, అవి దిగులుకి, నరాల నొప్పికి వాడేవే, తక్కువ మోతాదులో ఇస్తారు. బీపీ ఎంతుందో మీరు రాయలేదు. వెళ్లినప్పుడు బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి, మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే చేయించుకోలేదంటే చేయించుకోండి. రాత్రి చెమటలతో పాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష కూడా అడగండి.

సిగ్గుగా ఉందంటూ రాసిన ఆ ఒక్క వాక్యం గురించి. మీ ఊళ్లో జూన్ నడుమ రజ పండగకి ఊయలలు కడతారు, భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి పట్టరు. నెలసరి రావడాన్ని పండగ చేసుకునే నేల మీద ఉన్నారు. అది ఆగిపోయాక ఒంట్లో వచ్చే మార్పు చెప్పుకోవడానికి మీరెందుకు తల వంచాలి? ఈస్ట్రోజన్ తగ్గితే యోని గోడలు పలచబడి ఎండిపోతాయి. మంట, దురద, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ దానివల్లే. ఆవిర్లు కొన్నేళ్లకి తగ్గుతాయి కానీ ఈ పొడిబారడం మందు లేకుండా తగ్గదు, ఇంకా పెరుగుతుంది. దానికి లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము ఉంది. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి వెళ్లేది అతి తక్కువ కాబట్టి దానికి జతగా క్యాప్సూల్ అక్కర్లేదు, ఏళ్ల తరబడి వాడవచ్చు. మీ చేతి జెల్‌కీ ఈ క్రీముకీ తేడా గుర్తుంచుకోండి, ఇందాకటి నియమం జెల్‌కే. ఇది కూడా స్కాన్ తేలాకే మొదలుపెట్టాలి. డాక్టరు దగ్గర ఈ మాట నోరు విప్పి చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి. మీ ఆయనకి కూడా చెప్పండి. ఇష్టం లేక దూరం పెడుతున్నారని ఆయన అనుకుంటూ ఉండొచ్చు.

ఎన్నాళ్లు అన్నదానికి గీత గీసిన అంకె లేదు. మొదలుపెట్టిన మూడు నెలలకి ఒకసారి, తర్వాత ఏడాదికోసారి డాక్టరుతో కూర్చుని ఇంకా కావాలా అని చూసుకోవాలి. మూడు నుంచి అయిదేళ్లు వాడి, మోతాదు మెల్లగా తగ్గించి ఆపేవాళ్లే ఎక్కువ. ఆపాక ఆవిర్లు కొంతమందికి మళ్లీ తిరగబెడతాయి, అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. వాడటమా మానడమా అన్నది చివరికి మీ చేతిలో ఉన్నదే. ఆవిర్లు ఓర్చుకోగలనంటే మానెయ్యండి, ఎవరూ తప్పు పట్టరు. వాడతానంటే మాత్రం రెండూ వాడాలి.

మీ అప్ప గురించి కూడా నాకు బెంగగా ఉంది. ఆమెకి ఏ వయసులో ఆపరేషన్ అయిందో, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారో లేదో మీరు రాయలేదు. మనవైపు ఈ ఆపరేషన్లు చిన్న వయసులోనే ఎక్కువగా జరుగుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. నలభైల్లోనే అండాశయాలు పోయి ఉంటే, వేరే అడ్డంకి లేనంతవరకు, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఆమె జెల్ మానకూడదు. ఎముకలకి, గుండెకి అది అవసరం. ఈ వీడియో ఆమెకీ వెళ్లే ఉంటుంది. చూసి భయపడి మానేస్తే నష్టం ఆమెకే.

కాబట్టి ఈ రాత్రి అప్పకి ఫోన్ చెయ్యండి. ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం పెట్టెలోంచి తీసి అండాశయాల గురించి ఏం రాశారో చదివించుకోమనండి. మీ స్కాన్ అయ్యాక రిపోర్టులో లోపొర మందం ఎన్ని మిల్లీమీటర్లని రాశారో ఆ అంకె, మీ బీపీ అంకె, అత్తగారు ఏ వరస అన్నది, మూడూ నాకు రాయండి.